తెలిసినవాళ్ళు, తనవాళ్ళు: హెచ్‌ఐవీతో పెరిగిన ఒక అబ్బాయి కేస్ స్టడీ

హెచ్‌ఐవీ క్లినిక్‌లో కౌన్సెలర్‌నైన నన్ను ఈ కేసు రాయమని మా టీమ్‌లోవాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ వాయిదా వేయడానికి గోప్యత ఒక్కటే కారణం కాదు. మొదటి నెలల్లో జరిగిన తప్పుల్లో చాలావరకు నావే. కిరణ్ అనేది అసలు పేరు కాదు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. రాసిందంతా అతనికి చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "అది తీసెయ్యండి మేడమ్" అన్నాడు. తీసేశాను.

నేపథ్యం

కిరణ్‌కి హెచ్‌ఐవీ తల్లి నుంచి పుట్టుకతో వచ్చింది. రెండేళ్ళ వయసులో తండ్రి, నాలుగేళ్ళ వయసులో తల్లి పోయారు. అమ్మమ్మ పెంచింది. ఆరో ఏట మాటిమాటికీ జ్వరాలు రావడం, బరువు పెరగకపోవడం చూసి పరీక్ష చేస్తే బయటపడింది. అప్పటినుంచి ఏఆర్టీ (వైరస్‌ని అణచి ఉంచే రోజువారీ మందులు) మీద ఉన్నాడు. మొదట ఎఫావిరెంజ్ ఉన్న మందులు, తర్వాత అందరితోపాటే డోలుటెగ్రావిర్ ఉన్న రోజుకొక మాత్ర. ఎనిమిదేళ్ళు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే అంకె) ఎప్పుడు చూసినా 50 లోపే.

ఆ ఎనిమిదేళ్ళూ మాత్ర ఎలా లోపలికి వెళ్ళిందో మా ఫైల్లో ఎక్కడా లేదు. మాకు తెలియదు కూడా. తర్వాత కిరణే చెప్పాడు. రాత్రి తొమ్మిదికి అమ్మమ్మ తన బీపీ మాత్ర, ఇతని మాత్ర రెండూ ఒకే మూతలో పోసి తెచ్చేదట. "నాది నేను, నీది నువ్వు" అని ఇద్దరూ ఒకే గ్లాసు నీళ్ళతో మింగేవాళ్ళు. ఆవిడ ఏనాడూ "వేసుకున్నావా?" అని అడిగిన పాపాన పోలేదు. ఆ అవసరమే రాలేదు.

తన జబ్బేమిటో కిరణ్‌కి పదమూడో ఏట చెప్పారు. బడి వయసు పిల్లలకు వాళ్ళ స్థితి వాళ్ళకు తెలియాలని, అదీ ఒక్కసారిగా కాకుండా వయసుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా తెలియాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సిఫారసు చేసింది. ఇక్కడ జరిగింది వేరు. క్లినిక్ ముగిసే వేళకి, అమ్మమ్మ బతిమాలితే, పది నిమిషాల్లో చెప్పి పంపారు. ఫైల్లో ఒకే ఒక్క వాక్యం ఉంది: "స్థితి తెలియజేయడమైనది." ఏం చెప్పారు, అతను ఏం అడిగాడు, ఆ రాత్రి ఎలా గడిచింది అన్నవి లేవు.

పద్నాలుగున్నర ఏళ్ళప్పుడు అమ్మమ్మ పోయింది. మేనమామ తీసుకెళ్ళి తన ఇంట్లో పెట్టుకున్నాడు. మామయ్యకి, అత్తకి సంగతి తెలుసు. రెండేళ్ళు పెద్దవాడైన బావకి తెలియదు. ఇద్దరిదీ ఒకే గది.

సమస్య

అమ్మమ్మ పోయిన ఏడు నెలలకు చేసిన పరీక్షలో వైరల్ లోడ్ 23,400 వచ్చింది. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 690 నుంచి 470కి దిగింది. మాత్రల లెక్క మాత్రం నూటికి నూరు. డబ్బాలో ఎన్ని మిగలాలో అన్నే మిగిలాయి. అడిగినదానికల్లా మర్యాదగా జవాబు చెప్పాడు. "ఏ గొడవా లేదండీ, ఉన్నాడో లేడో కూడా తెలియదు" అన్నాడు మామయ్య. అది మెచ్చుకోలుగా అన్న మాట. నేనూ మెచ్చుకోలుగానే రాసుకున్నాను. పదిహేనేళ్ళ పిల్లాడు ఇంట్లో ఉన్నాడో లేడో తెలియకపోవడం నన్ను అక్కడే ఆపాల్సింది.

ముందు శరీరం వైపు నుంచి చూశాం. డోలుటెగ్రావిర్‌తోపాటు ఐరన్, కాల్షియం, యాంటాసిడ్‌లు తీసుకుంటే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. అత్త బలానికని ఐరన్ మాత్ర ఇస్తోందని తెలిసి, హెచ్‌ఐవీ మాత్రకీ దానికీ మధ్య ఎడం పెట్టించాం. ఈ మందుకి అడ్డొచ్చే రిఫాంపిసిన్ ఉన్న టీబీ చికిత్స ఏదీ లేదు. వాంతులు లేవు. మందుకి వైరస్ లొంగడం లేదేమో అన్న అనుమానమూ వచ్చింది. కానీ డోలుటెగ్రావిర్‌కి నిరోధకత అంత తేలిగ్గా రాదు. అందుకే డాక్టరుగారు నిరోధకత పరీక్ష కంటే ముందు, మాత్ర కడుపులోకి వెళ్తోందో లేదో తేల్చమన్నారు. మూడు నెలల కౌన్సెలింగ్, తర్వాత మళ్ళీ వైరల్ లోడ్. పద్ధతి ప్రకారం అది సరైన నిర్ణయమే. ఆ మూడు నెలల్లో నేనేం చేశానన్నదే గొడవ.

చేసినవి, బెడిసికొట్టినవి

మొదటిది పాఠం. నెలకొకటి చొప్పున మూడు సెషన్లు. వైరస్ ఎలా పెరుగుతుంది, మాత్ర మానితే ఏమవుతుంది అని బొమ్మలు వేసి చెప్పాను. రెండో సెషన్‌లో, "నువ్వు నాకు చెప్పు చూద్దాం" అంటే నాకంటే బాగా చెప్పాడు. నేను సంతోషించాను. తెలియక మానేసేవాడికి పాఠం పనిచేస్తుంది. ఇతనికి తెలియనిదంటూ ఏమీ లేదు. ఫోన్‌లో తొమ్మిదికి అలారం పెట్టించాను. నాలుగో రోజే బావ, "రోజూ ఆ టైముకి ఏంట్రా అది?" అని అడిగాడట. అలారం తీసేశాడు. నాకు చెప్పలేదు.

రెండోది కాపలా. ఇంట్లో ఒకరు దగ్గరుండి వేయించడం మంచిదని అత్తని ఒప్పించాను. ఆవిడ ఎంత నిష్ఠగా చేసిందంటే, రోజూ రాత్రి బావ బయట ఉన్నప్పుడు కిరణ్‌ని వంటింట్లోకి పిలిచి, మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళు తాగించి, "నోరు తెరువు" అనేది. నాలుక పైకెత్తమనేది. మూడు నెలల తర్వాత వైరల్ లోడ్ 31,800.

మూడోది మా సపోర్ట్ గ్రూప్. నెలకోసారి, క్లినిక్ రోజునే, క్లినిక్ హాల్లోనే జరిగేది. పదేళ్ళ పిల్లల నుంచి పంతొమ్మిదేళ్ళవాళ్ళ దాకా అందరూ ఒకే గదిలో. అందులో కొందరు చిన్నపిల్లలకు తమకేముందో ఇంకా తెలియదు కాబట్టి పెద్దపిల్లలు నోరు విప్పడానికి లేదు. ఇంకేం గ్రూపది? కిరణ్ ఒక్కసారే వచ్చాడు. తలుపు పక్క కుర్చీలో, బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "అందరూ ఒక్కొక్కరుగా మీ గురించి చెప్పండి" అన్నాను. పేరు చెప్పి ఆపేశాడు. తిరిగి వెళ్తూ వరండాలో ఎవరైనా తెలిసినవాళ్ళున్నారేమోనని తలుపు సందులోంచి చూసుకుని అడుగు బయటపెట్టడం నేను చూశాను. చూసి కూడా, వచ్చే నెల రమ్మని చెప్పాను.

నాలుగోది జరగబోయి ఆగింది. క్లాస్ టీచర్‌కి చెబితే బడిలో ఒక కన్నేసి ఉంచుతారని మామయ్య అన్నాడు. నేను సగం ఒప్పుకున్నాను. ఎందుకో, ముందు కిరణ్‌ని అడుగుదామనిపించింది. కాసేపు గోడవైపు చూసి, "చెప్పండి. నేను బడి మానేస్తా, అంతే" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. అతనితో చదువుకునే పిల్లలకు అతనివల్ల వచ్చే ప్రమాదం ఏమీ లేదు, కనుక బడికి తెలియాల్సిన అవసరమూ లేదు. అది చెప్పాలో వద్దో తేల్చే హక్కు మామయ్యదీ కాదు, నాదీ కాదు. ఈ నాలుగింటిలో నేను అతన్ని ముందుగా అడిగింది దీనికొక్కదానికే.

కాగితం మీద రెండు వరసలు

రెండో రిజల్ట్ వచ్చాక మందు మార్చాలా, నిరోధకత పరీక్షకి పంపాలా అన్న చర్చ వచ్చింది. డాక్టరుగారిని ఒక్క నెల ఆగమని అడిగాను. నా దగ్గర కొత్త ఆలోచనంటూ ఏమీ లేదు. అబ్బాయి అబద్ధం ఆడుతున్నాడని టీమ్‌లో అందరం అనుకుంటున్నాం, ఎందుకు ఆడాల్సి వస్తోందని ఎవరం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న మీదే ఆగమన్నాను.

ఆ రోజు ఫైల్ తెరవలేదు. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు "నీ సంగతి తెలిసినవాళ్ళు", కుడివైపు "ఎవరి దగ్గరుంటే నీకు హాయిగా ఉంటుందో వాళ్ళు" రాయమన్నాను. ఎడమవైపు మామయ్య, అత్త, డాక్టర్, మేడమ్ అని గబగబా రాశాడు. కుడివైపు ఇద్దరు స్నేహితులు, బావ. తర్వాత రెండు వైపులా అమ్మమ్మ అని రాశాడు. పెన్ను ఎత్తలేదు. కాసేపటికి రెండుచోట్లా ఆ పేరు మీద గీత కొట్టేశాడు.

రెండు వరసల్లోనూ ఉన్న మనిషి ఒక్కరే, ఆ ఒక్కరూ లేరు. మేం మూడు నెలలుగా ఎడమవైపు వరసని పొడుగు చేసే పనిలో ఉన్నాం. టీచర్‌ని కూడా అందులోకి లాగబోయాం. కుడివైపు ఎవరున్నారో నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

అప్పుడు అడిగే తీరు మార్చాను. "సరిగ్గా వేసుకుంటున్నావా?" అంటే దానికి ఒకటే జవాబు ఉంటుంది. "నీ వయసువాళ్ళు చాలామంది కొన్ని రోజులు వేసుకోలేమంటారు. పోయిన వారంలో నీకు ఎన్ని రోజులు కుదరలేదు?" అన్నాను. "అన్ని రోజులూ" అన్నాడు. మాత్ర చెంపకీ పై చిగురుకీ మధ్య పెట్టేవాడట. నాలుక ఎత్తినా అక్కడ కనపడదు. పెరట్లోకెళ్ళి ఉమ్మేసేవాడు. మాత్రల లెక్క నూటికి నూరు ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది. డబ్బా ఖాళీ అవుతోందనే అది చెబుతుంది, అంతకుమించి చెప్పదు.

చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తగా వచ్చిన కౌన్సెలర్లు జంకుతారు. అడగడంవల్ల ఆలోచన పుట్టదు. "చచ్చిపోవాలని లేదు మేడమ్. ఆ మాత్ర వేసుకోవాలనీ లేదు" అన్నాడు. దాన్ని అలాగే రాసుకున్నాను.

వెంటనే, "అత్తకి చెప్తారా?" అన్నాడు. మందు గురించిన నిర్ణయాలు డాక్టరుగారివి కనుక ఆయనకు చెప్పక తప్పదన్నాను. అత్తకి ఉమ్మేసిన సంగతి చెప్పను, కానీ ఆవిడ రోజూ పడుతున్న శ్రమని ఆపాలి కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి, ఆ మాట నువ్వే తయారుచెయ్యి అన్నాను. "పెద్దవాడయ్యాడు, ఇక తనే వేసుకుంటాడని చెప్పండి" అన్నాడు.

ఏం మార్చాం

వైరల్ లోడ్ 31,800 ఉన్న పిల్లాడి మీద నిఘా తీసేద్దామంటే డాక్టరుగారు ఒప్పుకోలేదు. న్యాయమైన అభ్యంతరమే. నిఘా ఉన్నప్పుడు లోపలికి వెళ్ళిన మాత్రలు సున్నా, తీసేస్తే అంతకంటే తగ్గేదేముందని నేను వాదించాను. మూడు నెలల గడువుకి ఒప్పుకున్నారు. అప్పటికీ తగ్గకపోతే నిరోధకత పరీక్ష.

ముందుగా వేళ మార్చాం. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రాత్రి తొమ్మిది అనేది ఎఫావిరెంజ్ రోజులనాటి నియమం. ఆ మందుకి తల తిరుగుతుంది, పిచ్చి కలలొస్తాయి కనుక పడుకునేముందు వేసుకోమనేవాళ్ళం. డోలుటెగ్రావిర్‌ని రోజులో ఏ వేళైనా, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. మందు మారినప్పుడు వేళ కూడా మారొచ్చని ఎవరమూ చెప్పలేదు. కిరణ్ పొద్దున స్నానం చేసి గదిలోకి వచ్చే వేళని ఎంచుకున్నాడు. అప్పటికి బావ వెళ్ళిపోయి ఉంటాడు. డబ్బాలో మాత్రలు గలగలలాడతాయని పైన దూది కుక్కుకున్నాడు. ఆ మందుని డబ్బాలోనే, తేమ తగలకుండా ఉంచడం మంచిది కాబట్టి వేరే పొట్లాల్లోకి మార్చొద్దని మాత్రం చెప్పాను.

రెండోది, తోడు. జింబాబ్వేలో 2004లో జ్వాండిరి అనే కార్యక్రమం మొదలైంది. ఆ మాటకి "నేనున్నట్టే" అని అర్థం. హెచ్‌ఐవీతో జీవిస్తున్న యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, తమకంటే చిన్నవాళ్ళకు తోడుగా పంపుతారు. 2020లో ప్రచురితమైన వాళ్ళ ట్రయల్‌లో 96 వారాల తర్వాత వైరల్ లోడ్ 1000 దాటినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి మామూలు సేవలు అందుకున్నవారిలో 36 శాతం ఉంటే, ఈ తోడు అందినవారిలో 25 శాతం ఉన్నారు. ఫలితం బాగుంది, కానీ ఆ పాతిక శాతం కూడా గుర్తుండాలి. తోడు దొరికితే చాలు, అన్నీ చక్కబడతాయని కాదు.

మా దగ్గర శిక్షణ పొందిన ఇరవైయొక్కేళ్ళ అబ్బాయి ఒకడున్నాడు. అతనూ పుట్టుకతో హెచ్‌ఐవీ ఉన్నవాడే. కిరణ్ అతన్ని అన్న అనే పిలుస్తాడు, ఇక్కడా అలాగే అందాం. కలవాలో వద్దో, ఎక్కడ కలవాలో కిరణ్‌నే తేల్చమన్నాం. క్లినిక్‌లో వద్దన్నాడు. మొదటి రెండుసార్లు ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకున్నారు, మాత్రల ఊసే ఎత్తలేదు. అది మా సూచన కాదు, అన్న సొంత తెలివి. మూడోసారి నడుస్తూ నడుస్తూ అన్న జేబులోంచి తన మాత్ర తీసి, సీసాలో నీళ్ళు తాగి మింగి, ఏమీ జరగనట్టు మాట కొనసాగించాడట. కిరణ్ నాకు ఇది చెప్పినప్పుడు నాకు ఆ మూత, గ్లాసు గుర్తొచ్చాయి. నేనేమీ అనలేదు.

వాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున మాత్ర వేసుకున్నాక కిరణ్ ఫోన్‌లో ఒక చుక్క పంపుతాడు, అంతే. అన్న కూడా తను వేసుకున్నాక ఒక చుక్క పంపుతాడు. చుక్క రాకపోతే అన్న ఎందుకు రాలేదని అడగడు, ఏదో ఒక జోక్ పంపుతాడు. మెసేజ్ ఎవరు చూసినా అర్థం కాదు. ప్రాణం మీదికొచ్చే మాట ఏదైనా వింటే అన్న నాకు చెప్పి తీరాలని మాత్రం మొదటి రోజే ఇద్దరి ముందూ చెప్పాను. ఇంకో సంగతి కూడా ఉంది. కిరణ్ తన తల్లి గురించి మాట్లాడిన రోజు అన్న నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. పీర్ సపోర్టర్ (ఇలా తోడుగా వెళ్ళేవాడు) అంటే గాయం మానిపోయినవాడని మనం అనేసుకుంటాం. అప్పటినుంచి రెండు వారాలకోసారి అతనితో విడిగా కూర్చోవడం పెట్టుకున్నాను. ఇది ముందే ఉండాల్సింది.

మూడోది ఇంట్లో జరిగిన పని. అత్తకి కిరణ్ మాట చెబితే ముందు కోపం వచ్చింది, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వాడికేమన్నా అయితే అందరూ నన్నే అంటారు, పరాయి పిల్లాడని చూడలేదంటారు" అంది. మూడు నెలలు నాలుక ఎత్తించిన మనిషి వెనక ఉన్నది ఆ భయం. కంచాలు, గ్లాసులు, బట్టల ద్వారా వైరస్ రాదని ఆవిడకు తెలుసు, అయినా దువ్వెన దగ్గర్నుంచి అన్నీ విడిగా పెట్టింది. ఏవి నిజంగా విడిగా ఉండాలో (రేజరు, పళ్ళ బ్రష్షు లాంటివి, అవి ఎవరివి వాళ్ళకి ఎలాగూ ఉండాల్సినవే) ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే మాట్లాడుకున్నాం. మాత్ర సంగతి ఇక అడగొద్దు, దానికి బదులు రోజుకొక్కసారి ఇంకేదైనా సరే అడగండి అన్నాను. "ఏం అడగాలి?" అంది నిజంగానే తెలియక. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

మామయ్య చేసింది నేను ఊహించనిది. కిరణ్ లోపల ఉన్న కోపం తల్లి మీద. "అమ్మే కదా నాకిచ్చింది" అనేవాడు. చికిత్స ఏదీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, సరైన చికిత్స అందితే 5 శాతం లోపేనని నేను అంకెలు చెప్పాను. అవి అతనికి అక్కర్లేదు. "అమ్మకి తెలుసా?" అన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర ఉండదు కనుక, అతని అనుమతితో మామయ్యని లోపలికి పిలిచాను. ఆయన చాలాసేపు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. "చివరి నెలలో తెలిసిందిరా. నీకు కూడా పరీక్ష చేయించమని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నలుగురికీ తెలిసిపోతుందని మేమే రెండేళ్ళు ఆగాం. అది మా తప్పు, మీ అమ్మది కాదు" అన్నాడు. కిరణ్ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తర్వాత

మూడు నెలలకు వైరల్ లోడ్ 410. నిరోధకత పరీక్ష అవసరం రాలేదు. ఐదో నెలలో పరీక్షల ఒత్తిడిలో మూడు రోజులు మాత్ర వేసుకోకుండానే చుక్క పంపాడు. నాలుగో రోజు తనే అన్నకి చెప్పేశాడు. టీమ్‌లో ఒకరు, "చూశారా, మళ్ళీ మొదలు" అన్నారు. నాకు అలా అనిపించలేదు. మునుపు నెలల తరబడి దాచినవాడు ఇప్పుడు నాలుగు రోజుల్లో చెప్పాడు. ఆరో నెల పరీక్షలో వైరల్ లోడ్ 50 లోపుకి వచ్చింది, అప్పటినుంచి అక్కడే ఉంది.

పదహారు దాటాక ఒకరోజు, "నాకు పెళ్ళవుతుందా మేడమ్?" అని అడిగాడు. వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉన్నంతకాలం లైంగికంగా ఎవరికీ సోకదని, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని జంటల మీద చేసి 2016లో, 2019లో వెలువరించిన పార్టనర్ అధ్యయనాల్లో అలా చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకినట్టు తేలలేదని చెప్పాను. కండోమ్ మిగతా సుఖవ్యాధుల కోసం, గర్భం రాకుండా ఉండటం కోసం ఎందుకు కావాలో కూడా చెప్పాను. మొదటి మూడు సెషన్లలో నేను చెప్పిన దానికంటే ఈ ఒక్క సంగతి అతనికి ఎక్కువ పనికొచ్చిందని నా అంచనా. పదమూడో ఏట ఆ పది నిమిషాల్లో ఎవరైనా ఇది చెప్పారా అని అడిగితే, గుర్తులేదన్నాడు.

ఇందులో ఏది పనిచేసిందంటే ఖచ్చితంగా చెప్పడం కష్టం. వేళ, తోడు, ఇల్లు, అమ్మమ్మ గురించి, తల్లి గురించి మాట్లాడుకోవడం, అన్నీ రెండు నెలల్లోనే మార్చేశాం. వరసగా ఒక్కొక్కటే మార్చి చూసుంటే తెలిసేదేమో, కానీ అంత సమయం చేతిలో లేదు. మా పద్ధతుల్లో మాత్రం కొన్ని మార్పులొచ్చాయి. గ్రూపుని వయసు ప్రకారం, తమ స్థితి తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళు అన్న లెక్క ప్రకారం విడగొట్టి, క్లినిక్ లేని రోజుకి మార్చాం. మందు మారిన ప్రతి ఫైల్లో వేళ గురించి మళ్ళీ అడుగుతున్నాం. ఇంట్లో ఒకరు పోతే, అంతకుముందు మాత్ర ఎవరి చేతి మీదుగా వెళ్ళేదో కనుక్కుంటున్నాం. కాగితం మీద రెండు వరసలు మొదటి సెషన్‌లోనే రాయిస్తున్నాను. దాన్ని ఫైల్లో పెట్టను, రాసినవాళ్ళకే ఇచ్చేస్తాను.

బావకి ఇప్పటికీ తెలియదు. చెబుతానని రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ వెనక్కి తగ్గాడు. నేను తొందరపెట్టడం లేదు. పీర్ సపోర్టర్‌గా శిక్షణ తీసుకుంటావా అని మాత్రం పోయిన నెల ఉత్సాహం ఆపుకోలేక అడిగాను. "ఇప్పుడు కాదు మేడమ్, నాకు చదువుకోవాలుంది" అన్నాడు. ఇంకొన్ని నెలల్లో పెద్దల క్లినిక్‌కి మారాలి. మొదటి రోజు అన్న కూడా వెళ్తానన్నాడు. బయటే కూర్చోమన్నాడట కిరణ్.